లాంగెన్‌లో దిగని రోజు

తెలుగు ఇక్కడ ఎవరికీ అర్థం కాదన్న ధీమా మనిషి చేత ఎంత పనైనా చేయిస్తుంది. జర్మనీలో డార్మ్‌స్టాట్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్ళే ఎస్‌బాన్ లోకల్ రైల్లో నాకది బాగా తెలిసొచ్చింది. కరోనా మొదటి చలికాలం. అందరూ ఇంట్లో కూర్చుని పని చేస్తుంటే నేను మాత్రం రోజూ రైలెక్కేదాన్ని. నాది సర్వర్ గదిలో పని. వైరు ఊడితే ఇంట్లోంచి చెయ్యి పెట్టలేం కదా! మా ఆయనేమో వీసా అపాయింట్‌మెంట్ రద్దయి హనుమకొండలోనే ఉండిపోయాడు. ఆఫీసులో మనుషులు లేరు, ఇంట్లో మనిషి లేడు. మనిషి ముఖం చూడాలంటే ఆ రైలే దిక్కు. ముఖమంటే ముఖం కూడా కాదు, మాస్కు పైనున్న సగం.

ఆ సగం ముఖాలకే కథలల్లి మా చెల్లికి ఫోన్లో చెప్పేదాన్ని. ఒకరోజు ఎదురుగా ఒకామె వచ్చి కూర్చుంది.

"నా ముంగట ఒకామె కూసుందే. ఆ కోటు చూడాలె నువ్వు! మంచం మీది బొంత లేపి కప్పుకొచ్చినట్టే ఉంది," అని పగలబడి నవ్వాను.

"బొంత కాదమ్మాయ్, కోటే. సేల్లో కొన్నా," అంది ఆమె.

నా నోరు పాడుగాను! రైలు ఆగితే దూకేద్దామనిపించింది. ఆమె కళ్ళు మాత్రం నవ్వుతున్నాయి. "ఇంకేమన్నా ఉంటే అదీ చెప్పెయ్. లాంగెన్ దాకా నేను ఖాళీయే," అంది.

అలా కలిశాం. ఆమెది తెనాలి దగ్గర. లాంగెన్‌లోని ఒక వృద్ధుల హోమ్‌లో నర్సు. భర్త, పిల్లలు ఊళ్ళోనే. పొద్దున్నే ఆయన ఫోన్ చేసి ఏం తిన్నావని అడిగేవాడు, ఆమె విసుక్కుంటూనే మురిసిపోయేది. పేరు నేనడగలేదు. అక్కా అని పిలిచాక పేరుతో ఏం పని మనకు? నంబరూ తీసుకోలేదు, తెల్లారితే ఎలాగూ కనబడుతుంది కదా అని. మాస్కు తీసిన ముఖం ఆమెది నేను చూడలేదు, నాది ఆమె చూడలేదు.

మనుషుల్ని చూడడంలో నాకన్నా ఆమెదే పైచెయ్యి. నేను కోట్లూ బూట్లూ చూసి నవ్వుకుంటే, ఆమె ఒక ముసలాయన్ని చూపించి, "రోజూ రెండు పేపర్లు కొంటాడు చూడు, రెండోది మడత కూడా విప్పడు. ఇంట్లో ఆమె పోయుంటది," అంది. అనడమే కాదు, లేచి వెళ్ళి ఆయన్నే అడిగేసింది. నేను సిగ్గుతో చచ్చాను. ఆయన మాత్రం కళ్ళు తుడుచుకుంటూ లాంగెన్ వచ్చేదాకా మాట్లాడుతూనే ఉన్నాడు.

ఈస్టర్ ముందు వారం ఒక పొద్దున అక్క పెద్ద సూట్‌కేసుతో ఎక్కింది. ఎప్పుడూ ప్యాంటే వేసే మనిషి చీర కట్టుకుంది. లాంగెన్ వచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. ఆమె లేవలేదు.

"ఎక్కడికక్కా?" అన్న మాట గొంతు దాకా వచ్చింది. మింగేశాను. బయల్దేరిన మనిషిని ఎక్కడికని అడిగితే మా నాయనమ్మ ఊరుకునేది కాదు. అడిగినవాళ్ళ నెత్తిన మొట్టికాయ వేసి, వెళ్ళేవాళ్ళని మళ్ళీ కూర్చోబెట్టి, మంచినీళ్ళు తాగించి గానీ గడప దాటనిచ్చేది కాదు. సర్వర్లతో కుస్తీ పట్టే ఇంజినీర్ని, అయినా ఆ మొట్టికాయ భయం నన్ను వదల్లేదు. పండక్కి పిల్లల దగ్గరికి పోతున్నట్టుంది, మనమెందుకు అడ్డు తగలాలి అనుకున్నాను.

"పండక్కి మంచిగ తయారైనవ్ అక్కా! వచ్చేటప్పుడు గోంగూర పచ్చడి మర్చిపోకు మరి," అన్నాను.

"అట్టాగేనమ్మా," అంది.

ఆమె నన్నే చూస్తోంది. నేను గోంగూర నుంచి పండుమిరపకాయకీ, అక్కణ్ణుంచి మా అత్తగారి ఆవకాయకీ వెళ్ళి, ఫ్రాంక్‌ఫర్ట్ దాకా వాగుతూనే ఉన్నాను. ఆ పొద్దున ఆమె ఫోన్ మోగలేదన్న సంగతి నాకు తట్టనే లేదు. దిగాక, "మంచిగ పోయి రా," అంటే నా చెయ్యి పట్టుకుంది. ఎవరూ ఎవర్నీ ముట్టుకోని రోజులవి. గట్టిగా పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

మళ్ళీ రాలేదు. పండగ వెళ్ళింది, ఇండియాని కరోనా రెండో వేవ్ ముంచేసింది, నాకు భయం పట్టుకుంది. ఎవర్నని అడగను? పేరు తెలియదు. లాంగెన్‌లో తలుపులు తెరుచుకున్నప్పుడల్లా మెడ చాచి చూడడం అలవాటైపోయింది.

ఏడాది గడిచాక, లాంగెన్‌లోనే ఒక పిల్ల తెలుగులో ఫోన్ మాట్లాడుతూ ఎక్కింది. సీట్లోంచి లేచి పరుగెత్తాను. తనూ ఆ హోమ్‌లోనే నర్సట. అక్క గురించి అడిగాను. "ఎవరండీ? అక్కడ తెలుగువాళ్ళం ముగ్గురం ఉండేవాళ్ళం," అని, పాత క్రిస్మస్ ఫొటో ఒకటి తీసి చూపించింది. అందరూ మాస్కుల్లేకుండా నవ్వుతున్నారు. ఒక్కరూ తెలిసిన ముఖం కాదు. నాకు దుఃఖం ముంచుకొచ్చింది. ఒక్కొక్కరి ముక్కూ నోరూ బొటనవేలితో మూసి చూస్తూ వచ్చాను. ఒకచోట వేలు ఆగిపోయింది. ఆ కళ్ళు అక్కవే.

"ఈమెనా? వాళ్ళాయన్ని ఆసుపత్రిలో వేశారని కబురొస్తే వెళ్ళిందండీ. విమానం దిగేసరికే అయిపోయింది. ఇంక తిరిగి రాలేదు. ఇక్కడి నంబరూ తీసేసింది." ఆ పిల్ల ఆగి, నా వైపు చూసింది. "రైల్లో చెల్లి మీరేనా? ఎయిర్‌పోర్ట్ నుంచి నాకు ఫోన్ చేసి ఒకటే ఏడుపు. 'ఎక్కడికక్కా అని అడుగుద్దేమో, చెప్పుకుని ఏడుద్దామని దారంతా చూశానే, అడగలేదు' అంది."

ఫోన్ తెర ఆరిపోతే మళ్ళీ వెలిగించి, వేలు తీసి, ఆ ముఖం చూశాను. నవ్వితే అక్క ఎడమ బుగ్గ మీద సొట్ట పడుతుందన్నమాట.