అందరి తరఫునా మాట్లాడిన మనిషి

డెబ్బయ్యో దశకంలో నేను నిజామాబాద్ నుంచి నాందేడ్‌కు కోడలిగా వచ్చేసరికి, మా గల్లీలోని తెలుగు ఆడవాళ్ళందరికీ మా అత్తమ్మే నోరు. వాళ్ళకు మరాఠీ సరిగ్గా రాదు. ఆస్పత్రిలోనైనా, రేషన్ దుకాణంలోనైనా ఆమె కొంగు నడుముకు చెక్కుకొని, "జరుగుండ్రి, నేను చెప్త," అంటూ ముందుకొచ్చేది.

ముట్లు ఆగిపోయే వయసులో ఆమె మారిపోయింది. ఉన్నట్టుండి ఒంట్లోంచి ఆవిర్లు లేచేవి, చెమటలు పట్టేవి, మాట సగంలో ఆగేది. పక్కింటామె జ్వరమొచ్చిన బిడ్డను ఎత్తుకొని ఆస్పత్రికి తోడు రమ్మంటే, "నేను తప్పు చెప్తే పిల్లగానికి ఏమన్నయితే ఎట్ల?" అని లోపలికి వెళ్ళిపోయింది.

చివరికి ఆమెనే ఆస్పత్రికి తీసుకెళ్ళాను. డాక్టరమ్మ ఏమవుతోందని మరాఠీలో అడిగింది. అత్తమ్మ నోరు తెరిచి, నా వైపు చూసింది.

"నువ్వే చెప్పు బిడ్డా."

నాకొచ్చిన నాలుగు ముక్కల్లో చెమటల గురించి చెప్పాను, నిద్రపట్టకపోవడం చెప్పాను. ఆమె భయం గురించి చెప్పడానికి మాత్రం నాకు మాటలు దొరకలేదు. డాక్టరమ్మ, వయసు వల్లే ఇదంతా, తగ్గిపోతుందని చెప్పి బలానికి గోలీలు రాసింది.

బయటికి రాగానే అత్తమ్మ అడిగింది, "ఏమన్నది?"

"తగ్గుతదన్నది అత్తమ్మా. మీరు విన్నరు కదా."

"విన్న. కానీ సక్కగ విన్ననో లేదో."

చెమటలు కొన్నాళ్ళకు తగ్గాయి. ఆమె మాత్రం కూరలో ఉప్పు సరిపోయిందో లేదో చూడడానికి కూడా నన్నే పిలిచేది.