సమూయేలు ముక్కు, నా నాలుక

సమూయేలు తాగడు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. బహ్రెయిన్‌లో, మనామా ఊళ్ళో, మా హోటల్లో పాత స్పానిష్ వైన్ గురించి అతనికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదంటే జనం నన్ను వెర్రివాణ్ణి చూసినట్టు చూస్తారు మరి. నేనక్కడ వంటవాణ్ణి, పేరు భీమరాజు, ఊరు అమలాపురం. అతనిది తణుకు దగ్గర. బాప్తిస్మం తీసుకున్న రోజున మద్యం పెదవికి తాకించనని దేవుడికి మాటిచ్చాడట.

"ఏవయ్యా, వాసన చూస్తే పాపం కాదా?" అని నేను ఆటపట్టిస్తే, "ముక్కు గురించి మాటివ్వలేదన్నా" అని నవ్వేవాడు.

మూడేళ్ళు గ్లాసులు కడిగాడు. కడిగేముందు ప్రతి గ్లాసునూ వాసన చూసేవాడు. పక్కనున్న ప్లేటులో ఏం మిగిలిందో, ఏం మిగల్లేదో చూసి గుర్తుపెట్టుకునేవాడు. ఎవరూ నేర్పలేదు, అదే అతని బడి.

2006 మార్చిలో, సఖీర్‌లో కార్ల పందేలు జరిగే వారం, వైన్ వడ్డించేవాడు జ్వరంతో పడ్డాడు. మేనేజరు సమూయేలును పిలిచి, "ఈ సాయంత్రం నువ్వు వడ్డించు. బాగా చేస్తే ఉద్యోగం నీదే. కానీ వడ్డించేముందు రుచి చూడాలి. చూడకపోతే మళ్ళీ గ్లాసుల దగ్గరికే" అన్నాడు.

ఆ సాయంత్రం స్పెయిన్ నుంచి వచ్చిన ముసలి దంపతులు ఇరవై ఏళ్ళ ఎర్ర వైన్ అడిగారు. సమూయేలు బిరడా తీసి వాసన చూశాడు. అడుగు మడ్డి కదలకుండా చారు మీది తేట వంచినట్టు, మెల్లగా జాడీలోకి ఒంపాడు. ఒంపి తిన్నగా నా దగ్గరికొచ్చాడు.

"అన్నా, ఈ మాంసంలో కారం వద్దు."

నాకు ఒళ్ళు మండిపోయింది. దూరం నుంచి వచ్చినవాళ్ళు కదా అని గొర్రె పక్కటెముకలకు గుంటూరు కారం దట్టంగా పట్టించి కాల్చి ఉంచాను. కారం తగ్గించి పెట్టడమంటే మా వైపు అతిథిని అవమానించినట్టే. "చుక్క తాగనోడివి, నాకు వంట చెప్తావా?" అని అరిచాను.

అతను చిన్న కప్పులో కొంచెం వైన్ పోసి, "ముందు నీ కారం ముక్క తిని తాగు" అన్నాడు. తిన్నాను, తాగాను. నోరు మంట, వైన్ చేదు నీళ్ళు! అప్పుడతను ఒట్టి ఉప్పూ వెల్లుల్లీ రాసిన ముక్క నిప్పుల మీద కాల్చి ఇచ్చాడు. మళ్ళీ తాగాను. అబ్బ! ఎండుద్రాక్ష, పాత చెక్కబీరువా తెరిచిన వాసన, చివర్లో సన్నటి తీపి. నోరు మూసుకుని కొత్తగా మాంసం కాల్చాను. పక్కన పుట్టగొడుగులు వేయించాను, ఆఖర్న గట్టి గొర్రెపాల చీజ్ పంపాను. ముసలావిడ రొట్టెతో ప్లేటు తుడుచుకుని మరీ తిన్నదట.

మేనేజరు నవ్వుతూ వంటగదిలోకి వచ్చాడు. "రుచి చూశావు కదా?"

అవునంటే సరిపోయేది. అనవయ్యా మహానుభావా, అని కళ్ళతో బతిమాలాను.

"లేదు సార్" అన్నాడు సమూయేలు.

"అయితే ఖలాస్. రేపు గ్లాసుల దగ్గరికి."

"నేను చూశాను సార్!" అని నేను అడ్డం పడ్డాను. "ముక్కు ఇతనిది, నాలుక నాది. ఇద్దరం కలిసి వడ్డించాం. పంపితే ఇద్దర్నీ పంపండి."

మేనేజరు మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "సరే, రేపట్నుంచి ఇద్దరూ కలిసే చూడండి" అని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత మూడేళ్ళూ వాసన అతను చూశాడు, గుక్క నేను తాగాను. ఒక్క అబద్ధంతో గట్టెక్కేచోట నిజం చెప్పిన మనిషిని నేను అతన్నొక్కణ్ణే చూశాను.

2009లో నేను బహ్రెయిన్ వదిలే రోజున ఎవరో అతిథి ఆ పాత వైనే ఒక గ్లాసు అతనికి బహుమానంగా వదిలి వెళ్ళాడు. సమూయేలు కళ్ళు మూసుకుని చాలాసేపు వాసన చూసి, గ్లాసు నా చేతిలో పెట్టాడు.

"తాగన్నా. ఎలా ఉందో చెప్పు."

ఒక్కొక్క గుక్కా తాగుతూ చెప్పాను. అతను అంతా విని తలూపాడు.

"నేనూ సరిగ్గా అలాగే ఉంటుందనుకున్నానన్నా" అన్నాడు.