సోమమ్మ పేరు లేని పేజీ

ముప్పై ఏళ్లకు పైగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. తెలియక ఆడింది కాదు. బాగా ఆలోచించే ఆడాను. అందుకే మీకు తడబడకుండా చెప్పగలను.

నేను మిర్యాలగూడలో తెలుగు పంతులుగా పనిచేశాను. ఎనభైల నడుమ, నిజాం మీద తిరగబడ్డ మా ప్రాంతపు మనుషుల కథలతో ఒక పుస్తకం వేయాలని సూర్యాపేటలో కొందరు పెద్దలు పూనుకున్నారు. ఊళ్లు తిరిగి రాసుకొచ్చే పని నాకు అప్పగించారు. అలా చివ్వెంల దగ్గర సోమమ్మ దొరికింది. పన్నెండేళ్ల పిల్లగా గడ్డిమోపులో చీటీలు దాచి దళాలకు చేరవేసింది. రజాకార్లు కుడిచేతి వేళ్లు విరిచినా ఒక్క పేరూ చెప్పలేదు. తర్వాత ఆ చేతులతోనే సాగర్ ఎడమ కాలువకు మట్టి మోసింది. నీళ్లొచ్చాక మాడుగులపల్లి వైపు పరాయి పొలాల్లో నాట్లేసింది. ఇదంతా నవ్వుతూ చెప్పింది.

అచ్చుకు పంపేటప్పుడు చీటీలు మోసిన మనిషి పేరు మార్చి మా నాన్న పేరు పెట్టాను. ఆ రోజుల్లో నాన్న కోదాడలో మేనమామ ఇంట్లో తలదాచుకున్నాడు. అది తప్పా? కాదు, ప్రాణభయం. కానీ నాకు సిగ్గుగా ఉండేది. పుస్తకం వచ్చింది. నాన్నకు శాలువా కప్పారు. ఆయన నా వైపు చూడలేదు. సోమమ్మకూ ఒక పుస్తకం ఇచ్చాను. చదువు రాదు కదా అనుకున్నాను.

తొంభైల మొదట్లో ఊరూరా పెద్దవాళ్లకు అక్షరాలు నేర్పే బడులు వచ్చాయి. సోమమ్మ నేర్చుకుంది. ఒక మధ్యాహ్నం బస్సెక్కి, పుస్తకం పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"సారూ, గీ చీటీల ముచ్చట నాదే గదా? మరి నా పేరు దొరుకుతలేదు. 'సో' ఏడున్నది? జర సూపియ్యి."

వంకర తిరిగిన ఆమె వేలు సరిగ్గా నాన్న పేరు మీద ఉంది. నిజం చెప్పడానికి అంతకంటే మంచి అదను ఏముంటుంది?

"గదే నీ పేరు సోమమ్మా," అన్నాను. "అచ్చుపుస్తకంల అక్షరాలు వేరే తీరుంటయి. నీకింక సరిగ్గ రాలే."

ఆమె నన్ను అనుమానించలేదు. తననే అనుమానించుకుంది.

"గంతేనా? అయితే నాకే సదువు అబ్బలే," అని పుస్తకం కొంగులో చుట్టుకుని వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఆమె బడికి పోవడం మానేసిందని అక్కడ చదువు చెప్పే అమ్మాయి నాకు చెప్పింది. పలక కూడా ఎవరికో ఇచ్చేసిందట.

పేరు దొంగిలించింది నాన్న కోసమని నాకు నేను సర్దిచెప్పుకున్న రోజులున్నాయి. మరి చదువు? విరిగిన వేళ్లతో, అరవైకి దగ్గరపడుతూ దిద్దుకున్న అక్షరాలను, తెలుగు పంతులునై ఉండి, తప్పని చెప్పింది ఎవరి కోసం? నా కోసమే.

ఆ దశాబ్దం ముగియకముందే ఆమె పోయింది. చివరిచూపుకు నేను వెళ్లాను. సారొచ్చిండని నాకు దారి ఇచ్చారు. నిలబడ్డాను. చెప్పలేదు.

ఇప్పుడు చెప్పాను. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలోది కాదు. కానీ ఇది రాశాక ఊపిరి నిండుగా ఆడుతోంది. ఆ పుస్తకం ఇంకా కొన్ని ఇళ్లలో ఉంది. మీకు దొరికితే, మా నాన్న పేరు కొట్టేసి సోమమ్మ అని రాయండి. ఆమె సరిగ్గానే చదివింది.