శీలావతికి టేస్టింగ్ సాల్ట్

ఆ రోజుల్లో కాలేజీ నుంచి కొత్తగా బయటపడ్డవాళ్ళకు ఒక జబ్బు ఉండేది. తెలిసింది దాచుకోలేకపోవడం. నాకది కాస్త ముదిరింది. జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి, దొరవారిసత్రం దగ్గర చేపపిల్లలను పుట్టించే ఒక హేచరీలో నెల రోజులు చూసి ఉంచుకుంటామన్న షరతు మీద చేరాను. అక్కడ తల్లిచేపలకు హార్మోన్ ఇంజెక్షన్లు వేసే పెద్దాయనను అందరూ సూదుల మామ అనేవారు. ఐదో తరగతి దాటలేదు. ఆదివారం చర్చిలో తబలా వాయించేవాడు. చేప కడుపు మీద బొటనవేలు ఆనిస్తే చాలు, ఎన్నాళ్ళలో గుడ్లు పెడుతుందో చెప్పేవాడు. ఆయన పోయి నలభై రోజులు దాటింది. దుఃఖం గురించి రాయడం నాకు చేతకాదు. అందుకని నవ్వొచ్చిన సంగతి ఒకటి రాస్తున్నాను.

మా తొట్లలో ఉన్నవి శీలావతి చేపలు. (ఆ పేరు ఎవరు పెట్టారో గాని, శీలావతి కడుపు గురించి పదిమంది మగవాళ్ళు గట్టిగా మాట్లాడుకుంటుంటే మొదటి వారమంతా నేను తలెత్తలేదు.) వానలు పడినా అవి గుడ్లకు రాలేదు. ఓనరన్నకు తొందర. "ఇంకా పండలా అబ్బయ్యా, నాలుగు దినాలు ఆగు" అని మామ అంటుండగా నేను మధ్యలో దూరాను. మెదడులో కొన్ని నాడీకణాలు ఉంటాయనీ, గ్లూటమేట్ అనే అమైనో ఆమ్లం వాటి గ్రాహకాలకు తగిలితే అవి ఉత్తేజపడి ఒక హార్మోన్‌ను వదులుతాయనీ, అది కింద ఉన్న పిట్యూటరీ గ్రంథిని లేపితే ఆ గ్రంథి ఇంకో హార్మోన్‌ను రక్తంలోకి పంపుతుందనీ, గుడ్లు పండేది దానివల్లేననీ ఒక్క ఊపులో చెప్పేశాను. ఓనరన్న నోరు తెరుచుకుని విన్నాడు. "ఆ గ్లూట... అదేందో యాడ దొరుకుతాది పాపా?" అన్నాడు. ఊరుకోవచ్చు కదా! "నూడుల్స్ బండి దగ్గర టేస్టింగ్ సాల్ట్ వేస్తారే, అందులో ఉండేది అదే అన్నా" అన్నాను.

మర్నాడు నేను వెళ్ళేసరికి నాయుడుపేట నుంచి తెచ్చిన ప్యాకెట్లన్నీ చేపల మేతలో, అంటే తవుడులో, వేరుశనగ చెక్కలో కలిసిపోయాయి. ఇంజెక్షన్ ముందు తల్లిచేపకు మేత ఆపాలి. ఇక్కడ విందు నడుస్తోంది. రెండో రోజుకు ఓనరన్న మొహం వెలిగిపోయింది. "చూసినావా మామా, పాప చదువు! కడుపులు ఎట్ట నిండినాయో!"

మామ ఒక శీలావతిని పైకెత్తి, బొటనవేలు ఆనించి, మెల్లగా నీళ్ళలోకి వదిలాడు. "ఇది గుడ్డు గాదు అబ్బయ్యా. తవుడు."

పనివాళ్ళు నవ్వు ఆపుకోలేక గట్టు దిగిపోయారు. ఓనరన్న నా వైపు తిరిగాడు. తిన్న గ్లూటమేట్ చాలావరకు పేగుల్లోనే ఖర్చయిపోతుందనీ, మిగిలినదాన్ని మెదడు అంత సులువుగా లోపలికి రానివ్వదనీ గొణిగాను. "ఆ మాట మొన్న యాడ దాచిపెట్టినావు?" అన్నాడు. "ఈ తూరి గుడ్లు రాకుంటే నువ్వు ఇంకోచోటు చూసుకో పాపా."

మామ మేత ఆపించాడు. నాలుగో రోజు సాయంత్రం, ఓనరన్న ఎదురుగానే నన్ను పిలిచాడు.

"రామ్మా. ఈ పొద్దు సూది నువ్వెయ్యి."

"నేనా? భయంగా ఉంది మామా!"

"చేపకూ భయమే. ఇద్దరికీ సరిపోయింది."

తడి గుడ్డతో చేప కళ్ళు కప్పి, తోక దగ్గర పొలుసు పక్కకు జరిపి, ఎక్కడ పొడవాలో వేలితో చూపించాడు. పొడిచాను. తెల్లారేసరికి తొట్టి నిండా గుడ్లు, ఉడికిన సగ్గుబియ్యంలా తిరుగుతున్నాయి. "పాప చెయ్యి మంచిది, ఉండనీ" అన్నాడు ఓనరన్న. (అందులో టేస్టింగ్ సాల్ట్ వాటా కూడా కొంత ఉందని ఆయన ఇప్పటికీ నమ్ముతాడు.)

మొన్న నలభయ్యో రోజు ప్రార్థన అయ్యాక సమాధి దగ్గర ఒక్కదాన్నే నిలబడ్డాను. నాకు ఇచ్చిన ఆ సాయంత్రానికి ముందు మామ సూది ఎవరి చేతికీ ఇచ్చిన మనిషి కాడు. చేప పండిందని ఆయన వేలికి ముందే తెలుసు. ఆ సాయంత్రం ఎవరు పొడిచినా గుడ్లు వచ్చేవే. ఆయనే పొడిచి ఉంటే నేను ఇంటికి వెళ్ళిపోయేదాన్ని. ఇంత చిన్న లెక్క తెలియడానికి నాకు ఇరవై ఏళ్ళు పట్టింది.

గుడ్లు వచ్చిన ఆ పొద్దున మాత్రం ఆఫీసు ఫోన్‌లో మా నాన్నతో "నా చెయ్యి మంచిదంట నాన్నా!" అని అరిచి మరీ చెప్పాను. పక్కనే సూదులు వేడినీళ్ళలో కడుగుతున్న మామ తల ఎత్తకుండానే అన్నాడు, "అవునమ్మా, మంచిదే."