గేటు ముందరి బండ

మా టీ అంగడికి ఎదురుగా పాలిష్ ఫ్యాక్టరీ గేటు ఉంటుంది. ఎర్రగుంట్ల నుంచి జమ్మలమడుగు పోయే రోడ్డు పొడవునా ఇట్లాంటి ఫ్యాక్టరీలే. గనుల్లో తీసిన నాపరాళ్లను ఇక్కడ కోసి, నున్నగా చేసి, లారీలకెత్తి ఊళ్లకు పంపుతారు. గేటు పక్కన రెండు రాళ్ల మీద పరిచిన బండ ఒకటి ఉంది. మూల విరిగిన బండ కాబట్టి ఎవరూ కొనలేదు. కూలీల యూనియన్ నడిపే గంగులయ్య గురించి చెప్పాలంటే దాని దగ్గరే మొదలుపెట్టాలి. ఆయన బతుకులో సగం బండలు మోయడంలో పోయింది, తక్కిన సగం ఈ బండ మీద కూర్చొని యజమానులతో వాదించడంలో పోయింది. నాకు యూనియన్ల మీద పెద్ద నమ్మకమేమీ లేదు. మీటింగు పెడితే టీలు బాగా పోతాయి, సమ్మె చేస్తే ఒక్కటీ పోదు, నాకు తెలిసిన రాజకీయం అంతవరకే. అయినా ఈ మనిషిని చూడకుండా ఉండటం నా వల్ల కాలేదు.

గంగులయ్య వాళ్లది గొర్రెలు కాచే ఇల్లు. వరసగా వానలు ఎగ్గొట్టిన కాలంలో మందను అయినకాడికి అమ్ముకొని లోడింగు పనికి వచ్చాడు. బండలెత్తడం ఒంటరి పని కాదు. ఇద్దరు జోడీగా మోయాలి, ఎత్తు సరిపోవాలి, అడుగు కలవాలి. ఒకడు తొందరపడితే బండ రెండోవాడి కాలి మీద పడుతుంది. గంగులయ్యకు జోడీ ఉస్మాన్. ఒకరు దగ్గితే ఇంకొకరు ఆగేవాళ్లు. ఆ దగ్గే చివరికి ఉస్మాన్‌ను తీసుకుపోయింది. రాతిదుమ్ము రొమ్ములో చేరితే ఏ మందూ దాన్ని బయటికి తేలేదు. ఆయన పోయాక గంగులయ్య ఇంకో జోడీని కుదుర్చుకోలేదు, మోత మానేసి యూనియన్ పనులు మాత్రం చూస్తూ వచ్చాడు.

ఉస్మాన్ బతికున్న రోజుల్లో కూలి రేటు మార్చడానికి ఒక పద్ధతి ఉండేది. రెండేళ్లకొకసారి ఫ్యాక్టరీ పెద్దాయన కూలీలందరినీ ప్రొద్దుటూరులోని తన ఇంటికి పిలిచేవాడు. ముందు పెరట్లో భోజనాలు పెట్టేవాడు, రాగిసంగటి, పొట్టేలు కూర, ఎంత తింటే అంత. అందరూ చేతులు కడుక్కున్నాక బయటికొచ్చి కొత్త రేటు చెప్పేవాడు. ఒక్కడూ నోరెత్తేవాడు కాదు. భయం కాదు, మర్యాద. మా వైపు ఒకరింట తిని, చెయ్యి తడి ఆరకముందే ఆ ఇంటాయన మీద మాట లేపడమంటే తల తీసేసినట్టు ఉంటుంది. పెద్దాయనకు ఆ సంగతి కూలీల కంటే బాగా తెలుసు.

ఆ సంగతి పట్టుకున్నవాడు గంగులయ్య. ప్రొద్దుటూరు నుంచి వచ్చే పార్టీ నాయకులు యజమాని లాభం ఎక్కడ నుంచి పుడుతుందో గంటలు గంటలు చెప్పేవాళ్లు. ఈయన చివరి వరుసలో కునుకుతూ వినేవాడు. తర్వాత సమ్మె వచ్చినప్పుడు ఆయన పెట్టిన మొదటి కోరిక రేటు గురించి కాదు. యజమాని గేటు దగ్గరికి రావాలి, ఈ బండ మీద మాతో సమానంగా కూర్చోవాలి, మాట అయ్యేదాకా ఎవరూ ఏమీ తినకూడదు అన్నాడు. నాయకులే నవ్వారు. ఇదేం కోరికప్పా, నలుగురు వింటే ఏమనుకుంటారు అన్నారు.

పెద్దాయన మాత్రం నవ్వలేదు. సమ్మెలో జనం గంజినీళ్లతో గడుపుతున్నప్పుడు జీపులో పొట్టేలు కూర గుండిగలు పంపించాడు. మూత తీయకుండానే కూర వాసన మా అంగడి దాకా వచ్చింది, నాకే నోరూరింది. జనం లేచి నిలబడ్డారు. గంగులయ్య, ఉస్మాన్ ఒక్కో గుండిగ చెవుల్లో కట్టె దూర్చి, చెరో పక్క భుజానికెత్తుకొని, బండ మోసినట్టే అడుగు కలిపి నడిచి జీపులో తిరిగి పెట్టారు. గొర్రెల ఇంట పుట్టినవాడే పొట్టేలు కూరను అట్లా వాపసు పంపాడు. కొన్నాళ్లకు పెద్దాయన వచ్చాడు. పంచెతో బండ దులుపుకొని కూర్చున్నాడు.

ఆ పొద్దు మగవాళ్ల రేటు తేలగానే అందరూ సంబరంగా లేచిపోయారు. మిషన్ల కింద రాతిబురద ఎత్తే ఆడవాళ్ల రేటు అడగడం మరిచిపోయారు. ఉస్మాన్ భార్య ఖాజాబీ ఆ బురద పనిలోనే ఉండేది. చేటంత మొహం చేసుకొని వస్తున్న గంగులయ్యకు అడ్డం నిలబడి, మేము మనుషుల్లో లెక్క కాదా అన్నా అని అడిగింది. ఆయన వెనక్కి తిరిగి పెద్దాయన జీపుకు అడ్డంగా పోయి నిలబడ్డాడు. అప్పటి నుంచి బండ మీద మొదటి మాట ఆడవాళ్లదే.

ఇదంతా పాత కథ. ఇప్పుడు బండలను ఫోర్క్‌లిఫ్ట్ ఎత్తుతోంది. కూలీల్లో సగం మంది బీహారు పిల్లలు, రైలు దిగి వస్తారు, రైలెక్కి పోతారు. మీటింగు పెడితే పది టీలు కూడా అమ్ముడుపోవు. గంగులయ్య నడుము వంగిపోయింది, అయినా సెక్రటరీ ఆయనే, ఎందుకంటే ఇంకెవరూ తీసుకోరు. కూతురు సునీత పులివెందుల దగ్గర అరటితోటలో ఉంటుంది, వచ్చేయమని రోజూ ఫోను చేస్తుంది. నాలుగు మేకలు కొనిస్తుందట, తోట గట్టున మేపుకుంటూ ఉండొచ్చట. ఈసారి రేటు తేలితే చాలు, యూనియన్‌ను ఉస్మాన్ కొడుకు నయీం చేతిలో పెట్టి వెళ్లిపోతానని నాతో ఎన్నిసార్లు చెప్పాడో.

"అలిసిపోయినానప్పా," అనేవాడు. "నిద్రపోయి లేసినా అలుపు పోవడంల్యా."

నయీం మంచి పిల్లాడు, ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. ఫ్యాక్టరీ ఇప్పుడు పెద్దాయన కొడుకు మహేష్ చేతిలో ఉంది. అతనూ మర్యాదస్తుడే, ఎవరినీ ఏకవచనంతో పిలవడు. పోయిన నెల ఒక ఆదివారం తన కూతురి పుట్టినరోజుకు ప్రొద్దుటూరులో ఏసీ హాలు తీసుకున్నాడు. లోడింగు వాళ్లందరికీ బస్సు పెట్టాడు, రేటు సంగతి కూడా అక్కడే మాట్లాడుకుందామని నయీంకు ఫోను చేశాడు. బస్సు నిండింది, ఆడవాళ్లకు ఇంకోసారి అన్నారు.

నయీం వచ్చి, ఎండలో రాతి మీద కూర్చొని అరుచుకునే కాలం పోయింది, నువ్వూ రా మామా అన్నాడు. గంగులయ్య రానన్నాడు. పోవద్దని కూడా అనలేదు, అనే ఓపిక ఆయనలో లేదనుకుంటాను.

"ముందు మాట్లాడండి. మాట అయినంక తినండి," అన్నాడు.

బిరియానీ చల్లారిపోతుంది మామా అని నవ్వుకుంటూ నయీం బస్సెక్కాడు.

ఆ ఆదివారమంతా గంగులయ్య బండ మీదే కూర్చున్నాడు. నేను టీ తీసుకుపోతే తాగాడు, అన్నం తీసుకుపోతే వద్దన్నాడు. అక్కడ మాట తేలేదాకా ఇక్కడ ఆయన పస్తు. నాకు ఒళ్లు మండింది. వాళ్లు హాల్లో పలావులు మింగుతుంటే నీకెందుకయ్యా ఈ దీక్ష అని తిట్టాను. ఆయన వినిపించుకోలేదు.

పొద్దు వాలాక బస్సు వచ్చింది. నయీం చేతిలో పొట్లంతో దిగి నేరుగా బండ దగ్గరికి వచ్చాడు. రేటు పెరిగింది, మనం అడగాలనుకున్న దానికంటే ఎక్కువే ఇచ్చినాడు, అడిగే పనే పడలేదు అన్నాడు. నాకు నిజంగా సంతోషం వేసింది. గంగులయ్య మొహం కూడా కాసేపు తేటగా అయింది. ఇక పులివెందుల బస్సెక్కుతాడనుకున్నాను.

"మీ అమ్మోళ్ల రేటు ఎంతన్నాడు?" అని అడిగాడు.

నయీం పొట్లాన్ని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. ఆ మాట రాలేదన్నాడు. గుర్తు రాలేదా అని గంగులయ్య అడిగితే తల దించుకున్నాడు.

"వచ్చింది మామా. ఆయప్ప దగ్గరుండి వడ్డించినాడు. నా ఇస్తరాకులో ఆయప్ప చేత్తోనే ఇంకో ముక్క ఏసినాడు. తిన్నంక ఎట్ల అడగాల?"

గంగులయ్య తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. ఆయన మోకాళ్ల మీద చేతులానించి మెల్లగా లేచాడు.

"ఆ పొట్లం మీ అమ్మకు ఇయ్యి. ఇచ్చేటప్పుడు ఈ మాట కూడా నువ్వే చెప్పు," అన్నాడు. అంతే, ఇంటికి వెళ్లిపోయాడు.

మరుసటి పొద్దున ఆయన సంచి సర్దుకొని వచ్చి, మా అంగడి ముందు పులివెందుల బస్సు కోసం నిలబడ్డాడు. ఒక మనిషి ఎంతకాలమని మోస్తాడు? పోనీ, నాలుగు మేకలు కాచుకొని సుఖంగా ఉండనీ అనుకున్నాను. నా కళ్లు తడిసిన మాట మాత్రం నిజం.

అప్పుడే బురద పని ఆడవాళ్లు వచ్చారు. ముందు ఖాజాబీ ఉంది. ఆమె గేటు లోపలికి పోలేదు. రాత్రి కొడుకు ఇచ్చిన పొట్లం తీసి వాచ్‌మన్ చేతిలో పెట్టింది, దారం కూడా విప్పలేదని మీ సారుకు చెప్పు అంది. తర్వాత బండ మీద కూర్చుంది. తక్కిన ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు ఆమె పక్కన సర్దుకున్నారు, చోటు చాలనివాళ్లు కింద కూర్చున్నారు. లోపల నయీం ఫోర్క్‌లిఫ్ట్ ఆపేసి దిగాడు, బయటికి మాత్రం రాలేదు.

పులివెందుల బస్సు వచ్చి ఆగింది. కండక్టరు ఎక్కు పెద్దాయనా అన్నాడు. గంగులయ్య బస్సు మెట్టును చూశాడు, బండను చూశాడు, చెయ్యి ఊపి బస్సును పొమ్మన్నాడు. సంచి నా బల్ల మీద పెట్టి, నడుము పట్టుకొని రోడ్డు దాటాడు. నేనూ టీ కెటిలు పట్టుకొని వెనకే పోయాను.

ఆయన ఖాజాబీ ముందు నిలబడి, "నాకు శాత కావడంల్యా తల్లీ, శానా అలిసిపోయినా," అన్నాడు.

ఖాజాబీ పక్కకు జరిగి చోటు చేసింది.

"మేమూ అలిసిపోయే వచ్చినాంలే అన్నా. కూర్చో."