కుముదిని కట్టిన జతలు

నాకు కోపం తొందరగా వస్తుందని మా కాలేజీలో అందరికీ తెలుసు. కుముదిని పుటెల్ గురించి మాట్లాడుతూ ఎవరైనా "అదృష్టం కలిసొచ్చిందిలెండి మేడమ్" అంటే ఇప్పటికీ వస్తుంది. అదృష్టం ఆ పిల్ల ఇంటి ఛాయలకు వచ్చిన దాఖలాలేమీ లేవు. ఆమె ఇప్పుడు కొండ మీద ఒక ఆశ్రమ పాఠశాలలో టీచరు. ఆమె మొదలుపెట్టిన పద్ధతి మా కాలేజీలో ఇంకా నడుస్తోంది. అది ఎలా నిలబడిందో నా కళ్లతో చూశాను కాబట్టి చెబుతున్నాను.

నేను పార్వతీపురంలో పుట్టాను. కలహండి జిల్లాలోని ఈ ఆడపిల్లల కాలేజీకి వృక్షశాస్త్రం చెప్పడానికి వచ్చి ఇక్కడే జుట్టు నెరిపించుకున్నాను. ఇక్కడ ఏటా జరిగే తంతు ఒకటుండేది. వానలు పడ్డాక మొదటి సంవత్సరం పిల్లలు చేరేవాళ్లు. భాద్రపదంలో నువాఖాయి, కొత్త బియ్యం పండుగ, వచ్చేది. హాస్టల్ ఖాళీ అయ్యేది. పండుగ వెళ్లాక పెద్ద తరగతుల పిల్లలు వచ్చేవాళ్లు గానీ మొదటి సంవత్సరం వాళ్లలో చాలామంది వచ్చేవాళ్లు కాదు. ఎందుకు రాలేదని అడిగే నాథుడు లేడు. "కొండల మీది పిల్లలు, నిలవరండీ" అని స్టాఫ్ రూంలో టీ తాగుతూ తేల్చేసేవాళ్లు.

కుముదినీ అలా నిలవని పిల్లే. మొదటి ఏడు ఒడియా తప్ప అన్నీ తప్పింది. ఏడాదిపాటు ఇంట్లో కూర్చుని అడ్డాకుల విస్తళ్లు కుట్టింది. తరువాత ఎవరూ పిలవకుండానే ఒక పొద్దున సంచి తగిలించుకుని వచ్చి, మళ్లీ అదే తరగతిలో, తనకంటే చిన్నవాళ్ల మధ్య కూర్చుంది.

"మళ్లీ వచ్చావేమే?" అన్నాను.

"విస్తళ్లు కుట్టడం వచ్చేసింది మేడమ్. రానిదేదో ఇక్కడే ఉండిపోయింది" అంది.

ఆ రోజు నుంచే ఆ పిల్ల అంటే నాకు పక్షపాతం. దాచుకోను. మూడో సంవత్సరానికి వచ్చేసరికి ఆమె తరగతిలో అందరికంటే ముందుంది. ఆమె తప్పడం చూసినవాళ్లు చదువు ముగించుకుని వెళ్లిపోయారు. కొత్తగా వచ్చిన పిల్లలకు మాత్రం ఆమె పుట్టుకతోనే ఫస్టు.

ఆ ఏడు పై నుంచి ఉత్తర్వు వచ్చింది. మొదటి సంవత్సరం పిల్లలు ఒక్కొక్కరికి పెద్ద తరగతి పిల్ల ఒకతె తోడుగా ఉండి దారి చూపాలట. మా ప్రిన్సిపాల్‌గారు పిల్లల్ని రెండు వరసల్లో నిలబెట్టి, ఎదురెదురుగా ఉన్నవాళ్లని జతలుగా ప్రకటించి చేతులు దులుపుకున్నారు. వారం తిరక్కుండానే చిన్నపిల్లలు పెద్దపిల్లల బట్టలు ఉతుకుతున్నారు, బకెట్లు మోస్తున్నారు. బోరింగు దగ్గర చూసి నేను గొంతు చించుకుని అరిచాను. ఒకతె తొణక్కుండా "తోడున్నాం కదా మేడమ్" అంది.

ఆ సాయంత్రం కుముదిని మా ఇంటికొచ్చింది.

"మీరు అరిస్తే మానరు మేడమ్. బోరింగు మారుస్తారంతే."

"మరేం చెయ్యమంటావు? పూజ చెయ్యనా వాళ్లకి?"

"వాళ్లకి వీళ్లు ఏమవుతారు చెప్పండి? ఏమీ కారు. ఏమీ కానివాళ్లతో బట్టలుతికించుకోవడానికి సిగ్గెందుకుంటుంది? ముందు వరస కలపాలి. మహాప్రసాద్ కట్టిద్దాం."

నేను నోరు తెరిచాను. ఈ ప్రాంతంలో ఇద్దరికి మనసు కలిస్తే, పూరీ నుంచి తెచ్చిన ఎండు ప్రసాదం మెతుకులు ఒకరి నోట్లో ఒకరు వేసుకుంటారు. అక్కడి నుంచి వాళ్లు ఒకరికొకరు మహాప్రసాద్. ఇక కులం అడ్డురాదు. వీళ్ల అమ్మానాన్నలు వాళ్లకీ అమ్మానాన్నలే. పోట్లాడుకోకూడదు, విడిచిపెట్టకూడదు, బతికున్నంతకాలం ఒకరి పేరు ఒకరు నోటితో పలకకూడదు. మహాప్రసాద్ అనే పిలుచుకోవాలి.

"అది జన్మంతా ఉండే ముడి కదే! కాలేజీ కార్యక్రమానికి అంత పెద్ద ముడా?"

"చిన్న ముడి వేసి చూశారుగా" అంది.

ప్రిన్సిపాల్‌గారు "ఇది కాలేజీయా, మఠమా?" అని నవ్వారు. "పండుగ అయ్యాక ఎంతమంది తిరిగొస్తారో చూస్తాను. ఎప్పటిలాగే అయితే దీన్ని ఎత్తేస్తాను" అన్నారు. అదీ అనుమతే అనుకున్నాం.

కుముదిని ఎవరినీ వరసల్లో నిలబెట్టలేదు. ఆదివారాలు పెద్దపిల్లల చేత వంట చేయించి చిన్నపిల్లలకు వడ్డించమంది. తను గరిటె పట్టుకుని తిరుగుతూ, ఎవరి పక్కన కూర్చుంటే ఎవరికి నోరు పెగులుతోందో చూసుకుంది. తరువాత ఒక గురువారం పొద్దున ప్రార్థన హాలులో ప్రసాదం పంచింది. క్రైస్తవ పిల్ల ఒకతె ఉంటే, ఆమెకూ ఆమె జతకూ బంతిపువ్వు మార్పించింది. అదీ ఇక్కడి నేస్తపు వరసే. ఆ మధ్యాహ్నం నేను బోరింగు దగ్గరికి వెళ్లి చూస్తే, పెద్దపిల్ల ఒకతె తన బట్టలు తనే బాదుకుంటోంది. పక్కన గట్టు మీద చిన్నది కూర్చుని పాఠం అప్పజెబుతోంది. "బాటనీ మేడమ్ అరుస్తుంది గానీ కరవదు, భయపడకు" అని పెద్దది చెప్పడం నా చెవిన పడింది. వినబడనట్టే వెళ్లిపోయాను.

కుముదినికి దొరికిన జత రైమతి మాఝి. కొండల్లోని కోంధు తెగ పిల్ల. ఇంట్లో మాట్లాడేది కుయి, బడిలో నేర్చుకున్నది ఒడియా, మేము పాఠం చెప్పేది సగం ఇంగ్లీషు. తన బడిలో అందరికంటే ముందున్న పిల్ల మా తరగతిలో చివరి బల్ల మీద తల దించుకుని కూర్చునేది. కుముదిని పక్కనుంటే మాత్రం నవ్వేది.

నువాఖాయికి హాస్టల్ ఖాళీ అయింది. పండుగ తరువాత నేను రోజూ గేటు దగ్గరే తచ్చాడాను. పెద్దపిల్లలు తిన్నగా హాస్టల్‌కి రాలేదు. ఎవరి మహాప్రసాద్ ఊరికి వాళ్లు వెళ్లి, ఆ ఇంట కొత్త బియ్యం తిని, చిన్నదాన్ని వెంటబెట్టుకుని వచ్చారు. బస్సు దిగేవాళ్లని చూస్తూ గేటు దగ్గర నేను ఏడ్చాను. వాచ్‌మన్ చూసి తల తిప్పుకున్నాడు.

రైమతి రాలేదు. కుముదినికి పండుగలో జ్వరం వచ్చింది, జత ఊరికి వెళ్లలేకపోయింది. వస్తుందిలే అనుకుంటూనే రోజులు గడిచాయి.

ఇంతలో ఈ పద్ధతి ఎలా నడుస్తోందో చూడటానికి భువనేశ్వర్ నుంచి ముగ్గురు పెద్దలు వచ్చారు. హాలులో పిల్లలందరూ కూర్చున్నారు. ముగ్గురిలో కళ్లజోడు పెద్దాయన ముందు వరసలోని పిల్లను లేపాడు.

"నీకు తోడుగా ఉన్న సీనియర్ ఎవరమ్మా? పేరు చెప్పు."

ఆ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. రెండో పిల్లను లేపాడు. తల దించుకుంది. మూడోది నవ్వాపుకోలేక పక్కదాని వీపు వెనక దాక్కుంది. పెద్ద తరగతి పిల్లను లేపి "పోనీ నువ్వు చెప్పు, నీ జూనియర్ పేరేమిటి?" అంటే ఆ పిల్ల "నేను చెప్పకూడదు సార్" అని కూర్చుంది.

పెద్దాయన ముఖం ఎర్రబడింది. "ఒక్కళ్ల పేరు ఒక్కళ్లకి తెలియదు! ఇదేనా మీరు నడిపే కార్యక్రమం?" అన్నాడు. ఆయన కటక్‌లో పుట్టి పెరిగిన మనిషి, ఈ వైపు ఆచారాలు ఎరగడు. మా ప్రిన్సిపాల్‌గారికి చెమటలు పట్టాయి. నాకు మాత్రం నవ్వూ కోపమూ ఒకేసారి వచ్చాయి.

కుముదిని లేచింది. "పేర్లు అడక్కండి సార్. ఒక్క నిమిషం చూడండి" అని పిల్లల వైపు తిరిగింది. "ఎవరి మహాప్రసాద్ పక్కకి వాళ్లు వెళ్లి నిలబడండే!"

హాలంతా ఒక్కసారి కదిలింది. బెంచీలు కిర్రుమన్నాయి. ఎవరూ తడుముకోలేదు, ఎవరూ వెతుక్కోలేదు. చెయ్యి చెయ్యి పట్టుకుని అందరూ జంటలుగా నిలబడ్డారు. ప్రిన్సిపాల్‌గారు విషయం వివరిస్తుంటే పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. తుడుచుకుని చూస్తే, హాలు మధ్యలో ఒంటరిగా కుముదిని కనిపించింది.

"మరి నీ జత ఏదమ్మా?"

"ఇంకా రాలేదు సార్."

"అందరికీ ముడి వేశావు, నీదే తెగిందన్నమాట."

"తెగేది కాదు సార్ అది" అంది కుముదిని. తల దించలేదు.

వాళ్లు మెచ్చుకునే వెళ్లారు. ప్రిన్సిపాల్‌గారు మిఠాయి తెప్పించారు. కుముదిని ముట్టుకోలేదు. శనివారంలోగా రాకపోతే రైమతి పేరు కొట్టేయాల్సి వస్తుందని ఆఫీసులో ఖాయంగా చెప్పేశారు. ఆ ఏడు పోతే ఆ పిల్ల ఇక కొండ దిగదని మా ఇద్దరికీ తెలుసు.

"మా మహాప్రసాద్ ఊరికి పోదాం మేడమ్" అంది. మర్నాడే బయలుదేరాం.

బస్సు దిగాక నడక. నా మోకాళ్లు నన్ను తిట్టుకున్నాయి. రైమతి తండ్రి లైఖన్ మాఝి వాకిట్లోనే ఉన్నాడు. కుముదిని ఎవరో తెలియగానే చెంబుతో నీళ్లు తెచ్చి, వద్దంటున్నా ఆమె కాళ్లు కడిగాడు. తల్లి మా ఇద్దరికీ రాగి అంబలి పోసింది. కుముదిని వంగి "జుహార్ నాన్నా" అంది.

"జుహార్ తల్లీ. తిను. ఉండు. ఎన్నాళ్లయినా ఉండు, నీ ఇల్లే. దాన్ని రమ్మని మాత్రం అడక్కు."

"ఏం నాన్నా?"

"దీనిపాటి తెలివైన పిల్ల ఈ సుట్టుపక్కల నేదని బడి మేస్టారే సెప్పినారు. అక్కడికెల్లి మొద్దయిపోనాదట. పరీచ్చలో సున్నా ఎట్టారట. పండక్కొచ్చి మూల కూకున్నాది, నెగడం నేదు. నా పిల్లని సిన్నది సేసే సోటికి నానెందుకు పంపాల?"

నేను ఊరుకోలేక అందుకున్నాను. "చూడవయ్యా, మొదటి పరీక్షలో తక్కువొస్తే..."

"మేడంగారూ, అంబలి సల్లారిపోతాది. తాగండి" అన్నాడు. తాగాను.

కుముదిని తలుపు వైపు తిరిగింది. "మహాప్రసాద్, ఇవతలికి రా."

"రాను" అని లోపలినుంచి సన్నగా వినిపించింది.

"నేనొచ్చినా రావా?"

"నువ్వొచ్చావనే రాను. నీకు ముఖం ఎలా చూపించను? నువ్వు ఎప్పుడూ ఫస్టే. నీ మహాప్రసాద్ సున్నా తెచ్చిందని అందరూ నవ్వుతారు. నీ పరువు తియ్యడానికేనా నీ చేతి మెతుకులు తిన్నది?"

కుముదిని ముఖంలో నెత్తురు చుక్క లేదు. ముడి గట్టిగా వేస్తే నిలబెడుతుందని ఆమె నమ్మింది. ఆ ముడే ఈ పిల్లను మూలన కూర్చోబెట్టింది. పరాయిదాని ముందైతే సున్నా తెచ్చుకున్నా తలెత్తుకోవచ్చు. మహాప్రసాద్ ముందు ఎలా?

ఆమె అంబలి గిన్నె కింద పెట్టింది. తల్లీ తండ్రీ, గుమ్మంలో చేరిన ఇరుగుపొరుగూ అందరూ వినేలా చెప్పింది.

"నేనూ తప్పాను మహాప్రసాద్. ఒక్కటి కాదు, ఒడియా తప్ప అన్నీ. ఏడాది ఇంట్లో కూర్చుని విస్తళ్లు కుట్టాను."

"అబద్ధం. నన్ను తీసుకుపోవడానికి చెప్తున్నావు."

"మేడమ్‌ని అడుగు."

ఈసారి నన్నెవరూ ఆపలేదు. "అబద్ధం కాదే తల్లీ. బాటనీ పరీక్షలో వేరు బొమ్మ వెయ్యమంటే తలకిందులుగా వేసి, ఆకులు కూడా పెట్టింది. ఆ కాగితం చూసి నేనే నవ్వాను" అన్నాను.

లైఖన్ మాఝి ఫక్కున నవ్వాడు. "ఏర్లకి ఆకులా? ఓలమ్మో!" ఆయన భార్య కొంగు అడ్డం పెట్టుకుంది. కుముదిని కూడా నవ్వింది, కళ్లలో నీళ్లతో.

తలుపు కొంచెం తెరుచుకుంది. "మరి నాకెందుకు చెప్పలేదు?"

"సిగ్గేసింది. నీకేసినట్టే."

తరువాత రైమతి అడిగింది. "తిరిగి వచ్చినప్పుడు నీ పక్కన ఎవరు కూర్చున్నారు?"

"ఎవరూ కూర్చోలేదు. ఏడాదంతా ఒక్కదాన్నే. అందుకే కదే ఇదంతా పెట్టాను!" అంటూ కుముదిని బావురుమంది. కాలేజీలో ఎవరి ముందూ కన్నీరు పెట్టని పిల్ల, ఆ వాకిట్లో ఇరుగుపొరుగు చూస్తుండగా చిన్నపిల్లలా ఏడ్చింది.

రైమతి బయటికొచ్చి పక్కన కూర్చుంది. తన గిన్నె తెచ్చుకుని, కుముదిని గిన్నెలో మిగిలిన అంబలి సగం అందులో వొంపుకుని తాగింది.

లైఖన్ మాఝి చాలాసేపు ఇద్దరినీ చూశాడు. నా పాఠాలన్నీ కలిపినా ఆ వాకిట్లో ఈ పిల్ల చెప్పిన నాలుగు మాటలకు సాటిరావు. ఈమె నా విద్యార్థి అని ఆ కొండలన్నిటికీ వినబడేలా అరవాలనిపించింది.

ఆయన లేచి తువ్వాలు భుజాన వేసుకుని కూతురి మీద కసిరాడు.

"ఇంకా కూకున్నావేటే? సంచి సర్దుకో. మీ అక్కకి బస్సెల్లిపోతాది."