అత్తగారు ఒప్పుకున్న ఓడ

ఫొటోస్టూడియో ఆయన నాలుక కొస పళ్ల మధ్య పెట్టుకుని, కంప్యూటర్ తెర మీది ఫొటోలో ఓడ అంచు వెంబడే మౌస్‌తో సముద్రాన్ని కోస్తున్నాడు. పొగగొట్టం, నిచ్చెన, లంగరు గొలుసు ఒక్కొక్కటే నీళ్లనుంచి విడివడ్డాయి. ఓడను లేపిన చోట మిగిలిన ఖాళీని పక్కనున్న నీళ్లే తెచ్చి పూడ్చాడు. ఈ విద్య ఆయనకు ఎవరూ నేర్పలేదు. పాడుచేసిన ఫొటోలే గురువులు. ఆ ఓడ కిందటేడే తుక్కుకు పోయింది. దాని ఇంజన్ గదిలో ముప్ఫై ఏళ్లు పనిచేసిన మేస్త్రీకి ఈ సాయంత్రం వీడ్కోలు సభ. అక్కడ వేసే స్లైడ్‌షో చివర్లో తన ఓడ ఒక్కసారి కదిలితే చాలని అడిగాడు.

కదిలించాక, ఎప్పటిలాగే అత్తగారిని పిలిచి తెర ముందు కూర్చోబెట్టాడు. బస్సు మొదటి మలుపు తిరిగేలోగా కడుపులో తిప్పే మనిషి ఆవిడ. ఆవిడకు తిప్పితేనే అల కుదిరినట్టు.

"ఏమైనా తెలుస్తోందా అత్తయ్యగారూ?"

"ఆకలి తెలుస్తోంది. ఇది ఓడ కాదు బాబూ, లిఫ్టు. పైకెళ్తోంది, కిందకొస్తోంది."

ఆయన తల గోక్కుని మళ్లీ మౌస్ పట్టాడు. ఈసారి ముందు ఓడ ముక్కు లేపాడు. అది దిగుతుండగా వెనక భాగం లేపాడు. అత్తగారు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది.

"ఆపు బాబూ, నీకు పుణ్యముంటుంది."

నాలుగింటికి మేస్త్రీ వచ్చి నిలబడే చూశాడు. తెర మీద ఓడ మెల్లగా ఒరిగింది. మేస్త్రీ కదలని సిమెంటు గచ్చు మీద కాళ్లు రెండూ ఎడంగా వేసి నిలదొక్కుకున్నాడు. స్టూడియో ఆయన ఆ కాళ్ల వంక ఒకసారి చూసి, పెన్‌డ్రైవ్ తీసి అతని చేతిలో పెట్టాడు.